పిలిస్తేగానీ రాని వాడు

కిందటి శనివారం ఐసెలిన్‌లో ఇండియన్ కొట్లో కరివేపాకూ ములక్కాడలూ కొనుక్కుని, అక్కణ్ణించి అటే నది వైపున్న పాత ఊరికి వెళ్ళాను. మా చిన్నప్పటి చర్చి ఆంటీ ఒకావిడ అక్కడ ఆస్పత్రిలో ఉంది, చూసి రావాలి. ఆస్పత్రి ఇంకా రెండు వీధులుందనగా పోలీసు కారు రోడ్డుకి అడ్డంగా పెట్టి, అందర్నీ పక్క సందులోకి మళ్ళిస్తున్నారు. ఈ సందుల్లో పడి నేనిప్పుడు ఎక్కడ తేలతానో అని గొణుక్కుంటూ స్టీరింగ్ తిప్పాను. తిప్పి తలెత్తితే ఎదురుగా మా బిల్డింగ్. సగమే ఉంది.

పై అంతస్తుల గోడలు ఊడిపోయి గదులన్నీ బయటపడ్డాయి. ఒక గది గోడ పసుపు, పక్కది ఆకుపచ్చ. ఎవరిదో వంటింటి అలమర తలుపు గాలికి కొట్టుకుంటోంది. కింద ఒకతను పెద్ద గొట్టంతో దుమ్ము మీద నీళ్ళు చిమ్ముతున్నాడు. అద్దాలన్నీ మూసే ఉన్నా తడిసిన సున్నం వాసన కార్లోకి వచ్చేసింది. వెనకవాడు హారన్ కొట్టేదాకా నేను అలాగే చూస్తూ ఉండిపోయాను.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి ఫోన్.

"అమ్మా, వేర్ ఆర్ యూ? లంచ్‌కి వస్తున్నావా, లేదా?"

"ఇక్కడ దారి మళ్ళించారే. మేం ఉన్న బిల్డింగ్ కూల్చేస్తున్నారు."

"ఓ, ద ప్రాజెక్ట్స్? గుడ్ కదా అమ్మా! ఆ ఏరియా అస్సలు సేఫ్ కాదు. ఇప్పుడు నైస్ కాండోస్ కడతారు."

నాకు ఒళ్ళు మండింది. "నీకేం తెలుసే, పెద్ద చెప్పొచ్చావ్" అని ఫోన్ పెట్టేశాను. పాపం, దాని తప్పేం లేదు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్ల, సిటీ వాళ్ళు బీదవాళ్ళకి కట్టించిన ఇళ్ళని అందరిలాగే ప్రాజెక్ట్స్ అంటుంది. అది విన్నదల్లా ఆ బిల్డింగ్ చివరి రోజుల సంగతి. పనిచెయ్యని లిఫ్టులు, మెట్ల మీద తుపాకులు, పోలీసులు. ఆ గోడలు కొత్త రంగు వాసన కొడుతుండగా, బొంతలూ గిన్నెలూ మోసుకుంటూ మేం అందులో అడుగుపెట్టిన రోజు దానికి తెలియదు. అంతకు ముందు మేమున్న కొంప గురించి అసలే తెలియదు. ఆ కొంప మాట మా ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్ళం కాదు.

అది నాలుగంతస్తుల చెక్క ఇల్లు. ఎప్పుడో ఏ షావుకారో తన కుటుంబం కోసం కట్టుకున్నదాన్ని తర్వాతి వాళ్ళు ముక్కలు చేసి, గదికో సంసారాన్ని పెట్టి అద్దెకిచ్చారు. ఆ వీధి పొడుగునా అలాంటి ఇళ్ళే, ఒకదాన్నొకటి ఆనుకుని. సిటీ వాళ్ళు ఆ పేటంతటికీ పెట్టిన పేరు స్లమ్. విమానమెక్కి సముద్రాలు దాటొచ్చి అమెరికా వాడి స్లమ్‌లో దిగామని మా అమ్మ పుట్టింటికి ఏ ఉత్తరంలోనూ రాయలేదు. "కిటికీలోంచి నది కనపడుతుంది" అని మాత్రం రాసేది. కనపడేది, నిజమే. మెడ బయటికి పెట్టి ఎడమ వైపు పూర్తిగా తిప్పితే.

మా నాన్న ఊళ్ళో మిషన్ బడి మాస్టారు. ఇక్కడికొచ్చి రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకి కుదిరారు. పొద్దున్నే ఇంటికొచ్చేసరికి కనుబొమల్లో పిండి, బూట్ల మీద పిండి, ఒంటి నిండా పులిసిన వాసన. "అదుగో, పిండివంట వచ్చింది" అని అమ్మ నా చెవిలో గుసగుసలాడేది. నాన్నకి వినపడేది కూడా. వినపడనట్టు ఊరుకునేవారు.

మాకు మూడో అంతస్తులో రెండు గదులు. మా నెత్తిన ఒకే గదిలో నలుగురు తెలుగు బ్రహ్మచారులు. మంచాలు మాత్రం రెండే. పగటి డ్యూటీ వాళ్ళు లేచి వెళ్తే రాత్రి డ్యూటీ వాళ్ళు వచ్చి వాటిల్లోనే పడుకునేవాళ్ళు, ఆ పరుపులు చల్లారిన రోజు లేదు. మా కింద జమైకా నుంచి వచ్చిన ముసలావిడ ఒంటరిగా ఉండేది. అంతస్తుకొక్కటే స్నానాల గది, వరండా చివర. పొద్దున్నే భుజాన తువ్వాళ్ళేసుకుని అందరూ వరసకట్టి నిలబడేవాళ్ళు. మా అమ్మ ఆ వరసలో తనకి బదులు బకెట్ పెట్టి వచ్చేది. పక్క గదుల తెల్లవాళ్ళు మొదట్లో ఆ బకెట్‌ని పక్కకి జరిపారుగానీ, అమ్మ నోటి ధాటికి తట్టుకోలేక తర్వాత దానికీ మర్యాద ఇవ్వడం నేర్చుకున్నారు. అమ్మ తిట్టింది తెలుగులోనే. అర్థం కాకపోవడమేం లేదు.

ఆ మెట్ల వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. పైనుంచి క్యాబేజీ ఉడికిన వాసన, మా గదిలోంచి ఎండుమిరపకాయల ఘాటు, తడి కోట్లు, కిరసనాయిలు స్టవ్వు, వీటన్నిటి అడుగున ఎలుకల వాసన. జమైకా ఆవిడ క్రిస్మస్‌కి ఎర్రటి ఎండు పువ్వులేవో అల్లం వేసి మరగబెట్టి పానకం చేసేది. ఒకసారి అమ్మ ఆ పువ్వొకటి నోట్లో వేసుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఓసి దీని దుంపతెగ! ఇది గోంగూరే! గోంగూర పువ్వే పిల్లా ఇది!"

ఆ ముసలావిడ నవ్వుతూ సంచెడు చేతిలో పెట్టింది. అమ్మ దాన్ని ఉడకబెట్టి, వెల్లుల్లీ ఎండుమిర్చీ వేసి నూరింది. పై గది అంకుల్స్ నలుగురూ, డ్యూటీలో ఉండాల్సినవాళ్ళతో సహా, ఎవరి కంచాలు వాళ్ళు పట్టుకుని దిగిపోయారు. ఆ ఆదివారం వాక్యం మీద ఎవరికీ ధ్యాస లేదు.

ఆదివారం మా ముందుగదే చర్చి. అయిదారు కుటుంబాలూ, బ్రహ్మచారులూ కలిసి నేలమీద దుప్పట్లు పరుచుకుని కూర్చునేవాళ్ళం. వాక్యం చెప్పేది నాన్నే. ఫ్యాక్టరీలో ఆయన మాటకి విలువ లేకపోవచ్చు, ఆ గదిలో మాత్రం ఉండేది. వచ్చినవాళ్ళ కోట్లన్నీ లోపలిగదిలో మంచం మీద గుట్టగా పడేసేవాళ్ళు. ఆ గుట్ట కిందే మా తమ్ముడి రాజ్యం.

వాడు నాకంటే ఆరేళ్ళు చిన్న. దాక్కోవడమంటే వాడికి పిచ్చి. కోట్ల కింద, బియ్యం డ్రమ్ము వెనక, మెట్ల కింద బొగ్గు పోసుకునే చీకటి కొట్టులో, ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరిపోయేవాడు. పిల్లలందరూ దాక్కుంటారు, కాసేపటికి విసుగొచ్చి వాళ్ళే బయటికొస్తారు. వీడు రాడు. ఎంతసేపైనా సరే, ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాడు. ఇంట్లో పిలిచే పేరు పెట్టి "చిన్నోడా, రారా, పోదాం" అంటేనే కదిలేది. ఆ మాట నాన్నది. పార్కుకి తీసుకెళ్ళేటప్పుడు అనేవారు. మేం కూడా అదే మంత్రం నేర్చుకున్నాం, నా గొంతుకి మాత్రం లేచేవాడు కాదు.

ఒక ఆదివారం నాన్న ప్రార్థన ఎత్తుకున్నారు. ఆయన ప్రార్థన మా ఊరి చెరుకుతోటల్లో బయల్దేరి, దేశాలన్నీ తిరిగి, ఇక్కడి ప్రెసిడెంటుగారి దాకా వచ్చిగానీ ఆగేది కాదు. మధ్యలో అమ్మ కళ్ళు తెరిచి చూస్తే పిల్లాడు లేడు. ప్రార్థన నడుస్తుండగా పిలవడానికి లేదు. అమ్మ మోకాళ్ళ మీదే జరుగుతూ గదంతా వెతికింది. ఆమేన్ అనగానే నాన్న కళ్ళైనా తెరవకుండా, "చిన్నోడా, రారా, పోదాం" అన్నారు. లోపల కోట్ల గుట్ట లేచి నిలబడింది. అప్పుడే తన కోటు తీసుకోబోయిన పై గది అంకుల్ ఒకాయన "ప్రభువా!" అని కేకపెట్టి గోడకి కరుచుకుపోయాడు. ఆ తర్వాత ఎన్నో వారాలు ఆయన్ని ఆటపట్టించాం.

ఆ ఏడు చలి ముందే వచ్చింది. ఇంటి కింద, గదులన్నిటికీ వేడి పంపే బాయిలర్ పాడైంది. ఓనర్ రేపు బాగుచేయిస్తాను, ఎల్లుండి బాగుచేయిస్తాను అంటూ నెట్టుకొచ్చాడు. కిటికీ అద్దాలకి లోపలి వైపు మంచు పేరుకునేది. అమ్మ వంట పొయ్యి కింద ఉన్న ఓవెన్ వెలిగించి, తలుపు తీసిపెట్టి, దాని ముందు మా ఇద్దర్నీ కూర్చోబెట్టేది. ముఖం కాలిపోయేది, వీపు గడ్డకట్టేది. తమ్ముడికి దగ్గు పట్టుకుంది. మొదట మామూలు దగ్గే అనుకున్నాం. అమ్మ వాము కాచి పట్టింది, ఛాతీకి నూనె రాసింది, జమైకా ఆవిడ తన దుప్పటి తెచ్చి కప్పింది. ఒక తెల్లవారుజామున వాడికి ఊపిరి అందలేదు. అంబులెన్సు వాళ్ళు ఆ ఇరుకు మెట్ల మీంచి స్ట్రెచర్ తిప్పలేక, ఒకతను వాణ్ణి చేతుల మీద ఎత్తుకుని దిగాడు. వాడు ఇక తిరిగి రాలేదు.

కొండ మీద సమాధుల తోటలో పెట్టాం. నేల గడ్డకట్టి ఉంది. నాన్నే వాక్యం చదివారు, గొంతు ఎక్కడా వణకలేదు. అమ్మ ఆ తర్వాత ఆ తోటకి రానంది. "అక్కడేముంది, మట్టి" అనేది. మెట్లు దిగుతూ మాత్రం బొగ్గు కొట్టు ముందు ఆగి, చెవి పెట్టి వినేది. నేనూ పక్కనే నిలబడేదాన్ని. విన్నానా అంటే, విన్నాను. లోపల ఎవరో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చిన్నగా దగ్గినట్టు. ఎలుకలు అన్నారు నాన్న. కావచ్చు. ఎలుకలు దగ్గుతాయేమో నాకు తెలియదు.

ఆ మంచు కరగకముందే సిటీ ఆఫీసు నుంచి మనుషులొచ్చారు. ఈ పేట మొత్తం పడగొట్టేస్తారట, మూడు వీధుల అవతల ఇటుకలతో పెద్ద పెద్ద బిల్డింగులు లేపారు, అందులో ఫ్లాట్లు ఇస్తారట. నాన్న దానికోసం ఎప్పుడో దరఖాస్తు పెట్టి, ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి వదిలేశారు. ఇప్పుడొచ్చింది. ఒక్క చలికాలం ముందొచ్చి ఉంటే అని మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఆ మాట అందరి గొంతులోనూ ఉంది.

ఆడపిల్లా మగపిల్లాడూ ఉన్న ఇంటికి పిల్లలకి చెరో గది ఇవ్వాలని సిటీ వాళ్ళ నియమం. దరఖాస్తులో తమ్ముడి పేరూ ఉండడంతో మాకు మూడు పడకగదుల ఫ్లాట్ వచ్చింది. నాన్న అబద్ధమాడే మనిషి కాదు, ఆఫీసుకి వెళ్ళి బాబు చనిపోయాడని చెప్పారు. అక్కడ కూర్చున్న నల్లావిడ కళ్ళజోడు తీసి, "ఇచ్చేశాం సార్. మీ దగ్గర్నుంచి ఆ గది కూడా లాక్కోవడం నావల్ల కాదు, మీరే ఉంచుకోండి" అందట. నాన్న ఆ సంగతి ఇంటికొచ్చి చెప్పారు. అమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

ఇల్లు మారే రోజున చర్చి వాళ్ళందరూ వచ్చారు. అంకుల్స్ మంచాలు దించారు. ఖాళీ గదిలో నిలబడి ప్రార్థన చేసుకున్నాం. అందరూ మెట్ల దగ్గరికి వచ్చాక అమ్మ గడప దాటి వెనక్కి తిరిగింది. వాళ్ళ అమ్మమ్మ నుంచి వచ్చిన ఆనవాయితీ అది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గుమ్మం బయట నిలబడి ఇంట్లోవాళ్ళందర్నీ ఒక్కొక్కళ్ళనే పిలవాలి, ముసలివాళ్ళ నుంచి చంటిపిల్ల దాకా. పిలవకపోతే ఎవరి ప్రాణమో ఆ ఇంటిని పట్టుకుని ఉండిపోతుందట. వాళ్ళు ప్రభువులోకి వచ్చి రెండు తరాలైనా ఈ అలవాటు మాత్రం వాళ్ళ వెంటే వచ్చింది.

"ఏవండీ, రండి, పోదాం" అంది అమ్మ, నాన్న పక్కనే ఉన్నా ఖాళీ గది వైపు చూస్తూ. తర్వాత నన్ను. "పెద్దమ్మాయ్, రా, పోదాం." ఆ తర్వాత మెట్ల కింది కొట్టు వైపు తిరిగి గట్టిగా ఊపిరి తీసుకుంది.

"చాలు" అన్నారు నాన్న.

అందరూ పెట్టెలు పట్టుకుని చూస్తున్నారు. ప్రతి ఆదివారం ఆయన నోటి మాట వినే మనుషులు. నాన్న ముఖం ఎర్రబడింది.

"వాడు ప్రభువు సన్నిధిలో ఉన్నాడు. బొగ్గుల కొట్లో లేడు. వ్యాన్ ఆగి ఉంది, పద."

అమ్మ నోరు తెరుచుకునే ఉంది. ఆంటీ ఒకావిడ అమ్మ భుజం పట్టుకుని కిందికి నడిపించింది.

కొత్త ఇల్లు, అబ్బో, మా కళ్ళకి అది రాజభవనం. తిప్పగానే వేడినీళ్ళు. మాకే సొంతంగా స్నానాల గది. అమ్మ బకెట్‌కి పని పోయింది. ప్రతి గదిలోనూ కిటికీ కింద ఇనుప రేడియేటర్ బుసబుసమంటూ కాలిపోయేది, బయట మంచు పడుతుంటే మేం లోపల కిటికీ తెరుచుకునేవాళ్ళం. అంత వెచ్చదనం. అమ్మ ఆ వెచ్చదనాన్ని భరించలేకపోయింది. ఒకరోజు రేడియేటర్ ముందు కూలబడి, "ఇప్పుడు దేనికే నువ్వు, ఎవరిక్కావాలే నువ్వు" అని దాన్ని తిట్టింది. నాకు భయమేసింది.

వంటింటికి ఆనుకుని ఉన్న చిన్న గది వాడిది. అందులో చర్చి వాళ్ళెవరో ఇచ్చిన మంచం గోడకి నిలబెట్టి ఉండేది, అంతే. అమ్మ ఆ తలుపు తీసేది కాదు. తుడవడానికి కూడా. రాత్రిళ్ళు నాకు నా గదిలో నిద్ర పట్టేది కాదు. పుట్టి బుద్ధెరిగాక ఒంటరిగా పడుకున్నది లేదు, వాడి కాలు నా పొట్ట మీద ఉండాల్సిందే. ఇప్పుడు మంచం నిండా చోటు. అటు తిరిగినా ఇటు తిరిగినా చోటే.

అమ్మ నాన్నతో మాట్లాడ్డం మానేసింది. కంచంలో వడ్డించి, మూతపెట్టి, లోపలికి వెళ్ళిపోయేది. ఒక్కసారి మాత్రం గోడ అవతలి నుంచి వాళ్ళ మాటలు వినపడ్డాయి.

"వాడి గది ఇక్కడుంది, వాడు అక్కడున్నాడు. పిలవందే రాడండీ వాడు. మీకు తెలీదా?"

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? వాడు ప్రభువు దగ్గరున్నాడు."

"ప్రభువు దగ్గరికైనా, ఎవరో ఒకరు పిలిస్తేనే కదా వెళ్ళుంటాడు! ఎవరు పిలిచారు? నేను పిలవలేదు. మీరు పిలవనివ్వలేదు."

"ఇంకోసారి ఆ మాట ఎత్తకు. నలుగురికి చెప్పేవాణ్ణి నేను. నా ఇంట్లోనే ఇలాంటివి నడిస్తే ఏ ముఖం పెట్టుకుని నిలబడాలి?"

అమ్మ అన్నం తినడం కూడా తగ్గించేసింది. జాకెట్లు భుజాల మీంచి జారిపోయేవి. ఆంటీలు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళేవాళ్ళు. "డిప్రెషన్ అక్కా, డాక్టర్‌కి చూపించండి" అన్నారొకరు. అమ్మ "వందనాలమ్మా" అని తలుపు వేసుకునేది. నాకు తమ్ముడు పోయినందుకు ఏడుపు ఒకటైతే, అమ్మ కూడా ఇలాగే పోతుందేమోనన్న దిగులు మరొకటి. స్కూల్లో కూర్చుంటే పాఠం వినపడేది కాదు, ఇంటికెళ్ళేసరికి అమ్మ ఉంటుందా లేదా అన్నదే.

ఇంతలో ఒక ఆదివారం పై గది అంకుల్ ఒకాయన కాఫీ తాగుతూ, "అక్కా, మన పాత కొంప రేపు సోమవారం నుంచి డిమాలిష్ చేస్తున్నారంట" అన్నాడు. ఆయన ఊరికే అన్నాడు. అమ్మ చేతిలోని ప్లేటు కింద పెట్టేసింది. నాన్న బైబిల్లోంచి తలెత్తలేదు.

మధ్యాహ్నం అందరూ వెళ్ళాక, నాన్న నిద్రపోతుండగా, అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆదివారం చీర మీదే కోటు తొడుక్కుంది.

"పద. మాట్లాడకు."

మూడు వీధులే అయినా అమ్మ ఆ దారిన ఒంటరిగా నడిచి ఎరగదు. చీర కుచ్చిళ్ళు మంచునీళ్ళలో తడిసిపోతున్నా ఎత్తిపట్టుకోలేదు. ఆ వీధిలో అప్పటికే సగం ఇళ్ళు లేవు. మా ఇంటి కిటికీలకి చెక్కలు కొట్టేశారు. చుట్టూ ఇనుప కంచె. కంచె పక్కన కుర్చీలో ఫ్లాస్కు పెట్టుకుని ఒక నల్లాయన కాపలా కూర్చున్నాడు, తల నెరిసిన మనిషి.

అమ్మ కంచె పట్టుకుని నిలబడింది. మెట్ల కింద బొగ్గు కొట్టు తలుపు ఉన్న వైపు చూసింది. నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్ళీ తెరిచింది. గాలి తప్ప ఏమీ రావడం లేదు. నేను పిలవనా అమ్మా అన్నాను. వద్దని తలూపింది. వాడు అమ్మ గొంతుకో, నాన్న గొంతుకో తప్ప లేచేవాడు కాదు, అది నిజమే.

కాపలా ఆయన లేచి వచ్చాడు. తరిమేస్తాడేమోనని నేను అమ్మ కోటు పట్టుకున్నాను.

"మీదీ ఇండియానా?" అని నన్ను ఇంగ్లీషులో అడిగాడు. అవునన్నాను. "అయితే ఆయన మీ మనిషేనేమో. ఇవాళ పొద్దున్నే వచ్చాడు, ఇంకా సరిగ్గా తెల్లారలేదు. పని మీంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, బూట్ల నిండా పిండి. మీ అమ్మ నిలబడిందే, సరిగ్గా ఇక్కడే నిలబడ్డాడు. నేను వెళ్ళిపొమ్మనబోయాను. ఈలోగా పెద్దగా ఏదో కేకపెట్టాడు. ఒక్కసారి కాదు."

"ఏమని?" అన్నాను.

ఆయన నుదురు చిట్లించి గుర్తుచేసుకున్నాడు. "చినోడా," అన్నాడు. "చినోడా... రా రా... పోడామ్."

అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ మాటకి మాత్రం చటుక్కున తిరిగింది. 

"తర్వాత?" అంది అమ్మ, తెలుగులోనే. ఆయనకి ఎలా అర్థమైందో మరి.

"ఆ తర్వాత కాసేపు అలాగే నిలబడ్డాడు. ఎవరికోసమో చూస్తున్నట్టు. ఆ తర్వాత వెళ్ళిపోయాడు, ఇదిగో ఇలా." అని ఆయన కొంచెం పక్కకి వంగి, కుడిచెయ్యి మోకాలి పైదాకా దించి, వేళ్ళు కొద్దిగా ముడిచి, చిన్న చిన్న అడుగులేస్తూ నాలుగడుగులు నడిచి చూపించాడు. "ఆ మూల తిరిగేదాకా అలాగే వెళ్ళాడు. నాకూ మనవడున్నాడు. ఏమీ అడగాలనిపించలేదు."

నేను తెలుగులో చెప్పబోయాను. అక్కర్లేదన్నట్టు అమ్మ నా తల మీద చెయ్యి వేసింది. ఆయన నడిచి చూపించిన మూల వైపు చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ముక్కు తుడుచుకుని, కుచ్చిళ్ళు పైకి ఎత్తిపట్టుకుంది.

"పద. వాణ్ణి తీసుకెళ్ళిపోయారు."

ఇంటికొచ్చేసరికి నాన్న లేచి, ముందుగదిలో షిఫ్టుకి తయారై కూర్చున్నారు. మా తడి చెప్పులు చూశారు.  అమ్మ తిన్నగా ఆ చిన్న గది తలుపు తీసింది. లోపలి వేడి గుప్పున బయటికొచ్చింది. గోడకి నిలబెట్టిన మంచం రెండు చేతులా పట్టుకుని, ఇన్ని వారాల తర్వాత మొదటిసారి నాన్నతో మాట్లాడింది.

"వాడి మంచం ఎటు వెయ్యమంటారు?"

నాన్న ముఖం చూడలేకపోయాను. దేవుని మాట నలుగురికి చెప్పే మనిషి, కొడుకుని మట్టిలో పెట్టేటప్పుడు కూడా గొంతు వణకని మనిషి. రెండు మూడుసార్లు గొంతు సవరించుకున్నారు.

"రేడియేటర్ పక్కన వెయ్యి" అన్నారు. "చలి పడదు వాడికి."

ముగ్గురం కలిసి మంచం దించి, జరిపి, దుప్పటి పరిచాం. నాన్న షిఫ్టుకి ఆలస్యమైంది.

ఆ రోజు వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఏం చెప్పుకున్నారో, అసలు చెప్పుకున్నారో లేదో నాకు తెలియదు. నాన్న ఆ తర్వాత కూడా, మరణించినవాళ్ళు ఎక్కడుంటారో ఆదివారాలు అంతే గట్టిగా చెప్పేవారు. అమ్మ ముందు వరసలో కూర్చుని ఆమేన్ అనేది. నేను పెద్దదాన్నై, నర్సు చదువుకి హాస్టల్‌కి పోయేదాకా ఆ ఇంట్లో ఉన్నాను. ఎంతమంది చుట్టాలొచ్చినా ఆ గదిలో ఎవర్నీ పడుకోనివ్వలేదు, ఎందుకని ఎవరూ అడగలేదు. సెలవు రోజుల్లో, దీపాలన్నీ ఆర్పేశాక, నాన్న చప్పుడు చెయ్యకుండా అందులోకి వెళ్ళి, వేడి వస్తోందో లేదో రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూసి, తలుపు ఓరగా వేసి వచ్చేవారు.